పిల్ల తప్పిపోతే మోగే గంట

మా రోజెన్‌తాల్ ఊళ్ళో ఒక గంట ఉంది. బడి ఆవరణలో, నాలుగు దుంగల మీద, నా నడుమంత వెడల్పుది. దాన్ని పెళ్ళికి కొట్టరు, చావుకి కొట్టరు, మంటలు లేచినా కొట్టరు. పిల్ల తప్పిపోతేనే కొడతారు. అది మోగిందంటే ఊళ్ళో ప్రతి మగాడూ చేతిలో ఉన్నది అక్కడే పారేసి, గంటకి వీపు పెట్టి బయలుదేరాలి. గంట చప్పుడు పట్టుకుని రావలసింది పిల్ల. వెదికేవాళ్ళు గంటకి దూరంగా పోవాలి. నడక రాని పసివాడికి కూడా మా ఊళ్ళో ఈ సంగతి తెలుసు.

తెలియనిది ఒక్క హాల్‌స్టెడ్ సార్‌కే. ఆయన తూర్పు నుంచి వచ్చిన కొత్త బ్యాండు మాస్టారు. సన్నగా, కళ్ళజోడుతో, ఎప్పుడూ జలుబుతో ఉండేవాడు. అమెరికాకి ఉత్తరపు కొసన ఉన్న మా డకోటా చలికి ఆ ముక్కు ఎండిందే లేదు. వచ్చిన ఏడాదే, మా తాతముత్తాతలు బళ్ళు తోలుకుంటూ ఈ మైదానానికి వచ్చిన కథనంతా బడి బ్యాండుకి పాటగా కట్టాలని కూర్చున్నాడు. నాలుగు భాగాలు. బళ్ళు రావడం, గడ్డినేల దున్నడం, మంచు తుఫాను, వసంతం. దాని కోసం ముసలివాళ్ళ ఇళ్ళన్నీ తిరిగాడు. జనవరి మొదట్లో మా ఇంటికీ వచ్చాడు.

మా నాయనమ్మ ఒటీలియా ఆయన ముందు మీగడ పోసి కాల్చిన కూకెన్ రొట్టె ముక్క పెట్టి, తను పుట్టకముందు జరిగిన కథ చెప్పింది. పొద్దున్న చొక్కాలతో తిరిగేంత వెచ్చగా ఉన్న రోజు, మధ్యాహ్నానికి మంచు తుఫాను తెల్లగోడలా వచ్చి మీద పడిందట. నాయనమ్మకి అన్న కావలసిన యాకబ్, ఏడేళ్ళవాడు, బడి నుంచి ఇంటికి వస్తూ తప్పిపోయాడు. రెండు రోజులు గంట కొట్టారు. మూడోనాడు ఆపేశారు.

"దొరికాడా?" అన్నాడు సార్.

"ఏప్రిల్లో దొరికాడు, మంచు కరిగాక. మా వాకిలికి ఇరవై గజాల్లో" అంది నాయనమ్మ. "గంట ఆగితే పిల్లాడు దొరికాడని ఊరంతా అనుకుంటారయ్యా. మా ఇంట్లో మాత్రం అనుకోరు. గంట ఆగినప్పుడు మా అమ్మ పొయ్యి ముందు కూలబడిపోయిందట. తిను, చల్లారిపోతుంది."

ఆయన తినలేదు. కాగితం మీద చకచకా ఏదో రాసుకున్నాడు. నాకు అప్పుడే ఎందుకో భయం వేసింది. నేను పుట్టు పిరికిదాన్ని లెండి. నాకు పధ్నాలుగేళ్ళు అప్పటికి.

మూడో భాగంలో ట్రంపెట్టు ఒంటరిగా వాయించాలి. అది తప్పిపోయిన పిల్లాణ్ణి తల్లి పిలిచే పిలుపు. అయిదే స్వరాలు. దాన్ని నాకిచ్చాడు. మూడు స్వరాలు మెట్లెక్కినట్టు వెళ్ళేవి, నాలుగోది చివాల్న పైకి లేవాలి, అక్కడ నాకు తప్పకుండా జారేది. పిల్లి తోక తొక్కినట్టు కీచుమనేది.

"ఇంట్లో వద్దే తల్లీ, నా చెవులు నాకింకా కావాలి" అని మా అమ్మ లిడియా నన్ను కొట్టంలోకి తరిమేసింది. అలా నెలన్నర, నాన్న ఆవుల మధ్య పనిచేసుకుంటుంటే నేను గడ్డిమోపు మీద కూర్చుని వాయించాను.

"మళ్ళీ జారింది నీ నాలుగోది" అనేవాడు నాన్న, తల కూడా తిప్పకుండా.

"నాకు తెలుసు నాన్నా!"

"తెలిస్తే ఎందుకు జారుతోందే? పర్లేదులే, ఆవులకి అలవాటైపోయింది. ఇప్పుడు సరిగ్గా వాయించావంటే బెదిరిపోతాయి."

మా నాన్న రైన్‌హోల్డ్ అంత నవ్వించేవాడు, ఒక్క గంట విషయంలో మాత్రం నవ్వు ఉండేది కాదు. ఫిబ్రవరి నెలాఖరులో సార్ మాతో అన్నాడు, మూడో భాగంలో గంటకి బదులు ఇనప గొట్టాలు కొట్టడం కాదు, అసలు గంటే మోగిద్దాం, బడి పెద్దలు ఒప్పుకున్నారు అని. ఆ రాత్రి భోజనాల దగ్గర నేను ఊరికే, గాలికి అన్నట్టు అన్నాను.

"నాన్నా, కచేరీలో మన గంట కొడితే ఎలా ఉంటుంది?"

నాన్న చెంచా పులుసులోనే ఆగిపోయింది. "ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. ఊరికే."

"గంటతో ఆటలాడే చోట నా కూతురు వాయించదు. ఎవరైనా అంటే నా మాటగా చెప్పు."

నాయనమ్మ నా వంక చూసింది. నేను పళ్ళెంలోకి చూశాను. చెప్తే నా అయిదు స్వరాలు పోతాయి, రెండో ట్రంపెట్టు వాయించే ఆ మిల్లర్ వాళ్ళ పిల్లకి ఇచ్చేస్తారు. చెప్పకపోతే ఏమవుతుందో, అంతవరకు నేను ఆలోచించలేదు.

పాస్టరుగారు రెండు ఆదివారాలు వరసగా చర్చిలో చెప్పారు. "పదహారో తారీకు మధ్యాహ్నం కచేరీలో గంట మోగుతుంది, ఎవరూ కంగారు పడొద్దు" అని. ఆ రెండు ఆదివారాలూ నాన్న చర్చికి రాలేదు. ఆవులు ఈనే కాలం, మార్చిలో మా ఊరి మగాళ్ళ మతం కొట్టమే. విన్న దగ్గర్నుంచి అమ్మ నా వెంటపడింది.

"మీ నాన్నతో నువ్వే చెప్పు. నేను చెప్తే గొడవవుతుంది. నువ్వు చెప్తే కరుగుతాడు."

"చెప్తాలే."

శనివారం బట్టలు ఇస్త్రీ చేస్తూ మళ్ళీ అడిగింది. "చెప్పావా గంట సంగతి?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"సరేలే అన్నాడు."

అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. నాది ఎంత బాగా అతికిందంటే, అమ్మ నిట్టూర్చి, "చూశావా, నే చెప్పలేదూ?" అని నా చొక్కా కాలరు రెండోసారి ఇస్త్రీ చేసింది.

ఆదివారం పొద్దున చూరుకి వేలాడే మంచుకాడలన్నీ కారిపోతున్నాయి. ఎంత వెచ్చగా ఉందంటే అమ్మ కోటు గుండీలు పెట్టుకోలేదు. నాయనమ్మ మాత్రం వాకిట్లో నిలబడి పడమటి వైపు చాలాసేపు చూసి, రెండు శాలువాలు కప్పుకుంది.

నాన్న కచేరీకి రావడం లేదు. ఒక తొలిచూలు పెయ్యకి నొప్పులు మొదలయ్యాయి, దూడ అడ్డం తిరిగింది. నేను కొట్టం గుమ్మం దగ్గర నిలబడ్డాను. చెప్పేద్దామనే వెళ్ళాను, ఒట్టు. నాన్న చొక్కా విప్పేసి, కుడిచెయ్యి భుజం దాకా పెయ్య లోపల పెట్టి, కళ్ళు మూసుకుని దూడ కాళ్ళు వెదుకుతున్నాడు.

"నాన్నా."

"ఊఁ."

"నేను... వెళ్తున్నా."

కళ్ళు తెరవకుండానే నవ్వాడు. "నాలుగోదాని దగ్గర భయపడకే. భయపడితేనే జారుతుంది. వెళ్ళు."

వెళ్ళాను. మా ఇంటికీ బడికీ మధ్య అరమైలు. గాలి వాయువ్యం నుంచి వీస్తే ఊళ్ళో కుక్క దగ్గినా మా కొట్టంలో వినబడుతుంది. దారి పొడుగునా అదొక్కటే నా బుర్రలో తిరిగింది.

రెండింటికి ఊరంతా బడి హాల్లో కూర్చుని ఉంది. మా ఇంటికి అవతల ఉండే, కాళ్ళు బాగాలేని షాట్స్ మామ్మ, మా నాన్న, ఇద్దరే రానివాళ్ళు. బళ్ళ భాగానికి జనం కాళ్ళతో తాళం వేశారు. దున్నే భాగంలో ట్యూబా ఊదేవాడు రెండుసార్లు దారి తప్పినా ఎవరూ పట్టించుకోలేదు. సార్ మూడో భాగానికి చెయ్యెత్తాడు. బయట గంట దగ్గర బడి నౌకరు గుస్టు తాత తాడు పట్టుకుని ఉన్నాడు. పక్క తలుపు తెరిచి పెట్టారు, చప్పుడు లోపలికి రావడానికి.

ఠంగుమంది.

జన్మలో ఎప్పుడూ వినని గంట. హాల్లో మూడు వందలమంది ఒక్కసారి ఊపిరి పీల్చుకోవడం నాకు వినబడింది. ముసలివాళ్ళు ఇద్దరు, తెలిసి తెలిసీ, లేచి నిలబడిపోయారు. పక్కవాళ్ళు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. గంట మోగుతూనే ఉంది. నా వేళ్ళు ట్రంపెట్టు మీద చెమటకి జారుతున్నాయి. నాన్న దూడ మీదే ఉంటాడు, గాలి లేదు, వినబడదు, వినబడదు అని లోపల జపం చేసుకుంటున్నాను. అప్పుడే తెరిచి ఉన్న తలుపు ధన్‌మని గోడకి కొట్టుకుంది. గాలి.

కిటికీలు బూడిదరంగుకి తిరిగాయి, తర్వాత తెల్లబడ్డాయి. తెలుపంటే మంచు కురిసే తెలుపు కాదు, అద్దాల అవతల ఏమీ లేని తెలుపు. సార్ ఆ వైపు చూడనైనా లేదు, నాకేసి చెయ్యి చాపాడు. నేను లేచి వాయించాను. ఒకటి, రెండు, మూడు. నాలుగోది, నా జన్మలో మొదటిసారి, జారకుండా లేచి నిలబడింది. సార్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా కళ్ళు మాత్రం కిటికీ మీదే ఉన్నాయి. గంట ఆగింది. వసంతం వాయించాం. చప్పట్లు కొట్టారు. బయట గాలి ఊళపెడుతుంటే జనం ఇంకా కూర్చునే ఉన్నారు, ఇప్పుడు ఎలాగూ ఇళ్ళకి వెళ్ళలేం కదా అని నవ్వుకుంటూ.

అప్పుడొచ్చాడు గుస్టు తాత, ఆఫీసు గదిలోంచి. కనుబొమల మీద మంచు ఇంకా కరగలేదు.

"షాట్స్ మామ్మ ఫోను చేసింది. ఎవరి పిల్ల తప్పిపోయిందని అడుగుతోంది" అన్నాడు.

ఎవరో నవ్వబోయారు.

"రైన్‌హోల్డ్ ఇప్పుడే ఆవిడ కంచె పక్క నుంచి వెళ్ళాడట. కోటు లేదు. తలుపు తీసి కేకేసేలోపు కనబడకుండా పోయాడట. ఆర్లిస్, ఆర్లిస్ అని అరుస్తున్నాడట."

ఆర్లిస్ అంటే నేను.

అమ్మ నా వైపు తిరిగింది. నా మొహంలోనే అంతా చదువుకుంది. ఆ చూపు తిట్టు కాదు, దెబ్బ కాదు. తిట్టినా బాగుండేది.

మగాళ్ళు తాళ్ళ కోసం పరుగెత్తారు. నడుముకి తాడు కట్టుకుని ఇద్దరు బయటికి పోయి, ఆవరణ కంచె దాటకముందే పాకుతూ వెనక్కి వచ్చారు. చాపిన చెయ్యి కనబడడం లేదన్నారు.

"గంట కొడదాం!" అన్నాడు హాల్‌స్టెడ్ సార్. "ఆ చప్పుడు పట్టుకుని వస్తాడు."

"రాడు" అంది నాయనమ్మ. కుర్చీలోంచి లేవలేదు. "వాడు నా కొడుకయ్యా, నాకు తెలుసు. గంట మోగుతున్నంతసేపూ వాడు గంటకి వీపు పెట్టే నడుస్తాడు. వాగు దాకా పోతాడు, దాన్నీ దాటిపోతాడు."

"మరి గంట ఆగిపోయిందిగా మామ్మా? పిల్ల దొరికిందని తెలియాలిగా?" అన్నాడు సార్.

"ఆగి పావుగంటయింది. అయినా పిలుస్తూ తిరుగుతున్నాడు" అంది నాయనమ్మ. "మా ఇంట్లో గంట ఆగడమంటే దొరకడం కాదని నీకు చెప్పానే. రాసుకున్నావు కూడా."

కొడితే దూరం పోతాడు, కొట్టకపోతే నేను చచ్చాననుకుని తిరుగుతాడు. హాల్లో మూడు వందలమంది, ఒక్కరికీ ఏం చెయ్యాలో తెలియదు. నాన్న చచ్చిపోతాడు, నేను చంపాను. ఇంత స్పష్టంగా అనుకున్నాను, ఇవే మాటల్లో.

నేను ట్రంపెట్టు పట్టుకునే బయటికి పరుగెత్తాను. మెట్ల మీదకి రాగానే గాలి నన్ను ఎత్తి కుదేసింది. వెనక నుంచి రెండు చేతులు నా నడుము పట్టీ దొరకబుచ్చుకున్నాయి. అమ్మ. గుమ్మానికి కాళ్ళు తన్నిపెట్టి కూర్చుని, రెండు చేతులతో నన్ను పట్టుకుంది.

"వాయించు" అంది. అంతే.

వాయించాను. అయిదు స్వరాలు. సరిగ్గా, శుభ్రంగా, ఎందుకంటే నాన్న కోసం కదా, తప్పు పోకూడదు. ఏమీ లేదు. మళ్ళీ వాయించాను. కళ్ళ ముందు తెలుపు తప్ప మరేమీ లేదు. ఎన్నిసార్లో లెక్క తెలియదు. ఊదే చివర పెదవికి అంటుకుపోతుంటే లోపల్నుంచి సార్ చొక్కాలో పెట్టి వెచ్చబెట్టిన మరొకటి అందిస్తున్నాడు, ఇది తీసి అది పెట్టి వాయిస్తున్నాను. కాసేపటికి పెదాలు నావి కావు. చర్మం ఊడింది, నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. అప్పుడు జారింది నాలుగోది. ఎప్పటిలాగే, పిల్లి తోక తొక్కినట్టు. ఛీ అనుకుని ఏడుస్తూ మళ్ళీ వాయించాను, మళ్ళీ జారింది. ఇంక ఎన్నిసార్లు వాయించినా జారుతూనే ఉంది.

అమ్మ చేతులు నా నడుము మీద బిగుసుకున్నాయి.

కంచె కదులుతోంది. గాలికి కాదు. ఎవరో తీగ పట్టుకుని, చెయ్యి మార్చి చెయ్యి వేస్తూ వస్తున్నారు. మా నాన్న నిలువునా తెల్లగా ఉన్నాడు. చొక్కా మీద దూడ నెత్తురు గడ్డకట్టి ఉంది. మెట్ల దగ్గరికొచ్చి నన్ను చూశాడు. కుడిచేత్తో నా మొహం తడిమాడు. ఆ చెయ్యి కొయ్యలా ఉంది.

ఆ చేతికి, చలికి చచ్చుబడ్డ మూడు వేళ్ళు తీసేశారు. దారి ఎలా తెలిసిందని ఆస్పత్రిలో అమ్మ అడిగితే చెప్పాడట. "అది సరిగ్గా వాయించినంతసేపూ మిల్లర్ వాళ్ళ పిల్ల అనుకున్నాను లిడియా. నాలుగోది జారాక గదా తెలిసింది." అమ్మ ఈ మాట నాకు చెప్తూ నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ వంటగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నా అబద్ధం గురించి మాత్రం ఆవిడ నాన్నతో చెప్పలేదు, నాతోనూ ఎత్తలేదు. మూడునెలలు నాకు తిండి సయించలేదు. నాన్న చెంచా ఎడమచేత్తో పట్టుకున్న ప్రతిసారీ నేను పళ్ళెం పక్కకి జరిపేదాన్ని. ఎవరైనా నన్ను పేరు పెట్టి గట్టిగా పిలిస్తే కాళ్ళు చేతులు ఆడేవి కావు. ఇప్పటికీ ఆడవు.

రెండు వేళ్ళతో దూడల్ని లాగలేరు. ఆవుల్ని అమ్మేద్దామని జూన్‌లో నిర్ణయించారు. గుస్టు తాత మానేస్తున్నాడు, బడి నౌకరీ నాన్నకిస్తామన్నారు. ఊడవడం, బాయిలరు చూసుకోవడం, గంట తాడు ఏటా మార్చడం. నాన్న సరేనన్నాడు. కొనేవాళ్ళు రావడానికి ముందురోజు సాయంత్రం కొట్టంలో ఇద్దరమే ఉన్నాం. నాన్న దూడని సరిగ్గా తిప్పాక వదిలేసి పోయిన ఆ తొలిచూలు పెయ్య తనంతట తనే ఈనింది, దాని దూడ నా మోకాళ్ళని పొడుస్తోంది. చూసి చూసి ఇంక ఆగలేకపోయాను.

"నాన్నా, గంట సంగతి నేను నీకు చెప్పలేదు. అమ్మకి చెప్పానని అబద్ధమాడాను. నా వల్లే."

నాన్న ఎడమచేత్తో ముడి వేస్తున్నాడు, అది పడడం లేదు. విప్పి మళ్ళీ మొదలెట్టాడు.

"పాస్టరు శనివారం కంచె దగ్గర ఆగి చెప్పిపోయాడే" అన్నాడు. "రేపు గంట మోగుతుంది రైన్‌హోల్డ్, కంగారు పడకు అని."

"తెలుసా? నీకు తెలుసా? మరి నన్నెందుకు వెళ్ళనిచ్చావు?"

"నెలన్నర కష్టపడ్డావు కదే. నువ్వే చెప్తావేమోనని చూశాను. గుమ్మం దాకా వచ్చావు కూడా."

"తెలిసి మరెందుకు బయటికి పోయావు నాన్నా?"

ముడి పడింది. లాగి చూసుకున్నాడు.

"గంట మోగింది. బయట మంచు. నువ్వు ఇంట్లో లేవు" అన్నాడు. "ఇది ఆటేరా వెధవా అని దారిలో నాకు నేనే చెప్పుకున్నాను. షాట్స్ మామ్మ కంచె దాకా చెప్పుకుంటూనే ఉన్నాను. అప్పటికే గంట ఆగిపోయింది."

తాడు నా చేతికిచ్చి, దూడని కట్టమన్నాడు. కట్టాను.